జైసల్మేర్‌లో క్యాంపు ఖర్చు తగ్గించి మంచి కారు మాట్లాడుకోండి

సమ్ ఇసుక దిబ్బల దగ్గర టెంట్ క్యాంపు, జైసల్మేర్ ఊళ్లో మాట్లాడుకున్న కారు, రెండూ వాడాం కాబట్టి రెండిటి గురించీ రాస్తున్నా.

క్యాంపులో టెంట్ శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి. ఒంటె సవారీ ఎక్కామో లేదో దించేశారు. రాత్రి జానపద కార్యక్రమం అన్నారు గానీ మంగణియార్ పెద్దాయన కమాయిచా అనే తీగల వాద్యం మీద రెండు పాటలు పాడాడో లేదో డీజే మోత మొదలైంది. తరతరాలుగా రాజ్‌పుత్‌ల ఇళ్లల్లో పెళ్లికీ పుట్టుకకీ పాడుతున్న ముస్లిం కళాకారులు ఈ మంగణియార్లు. అంతదూరం వెళ్లింది ఆ పాట కోసం, సినిమా పాటలకి ఎగరడానికి కాదు కదా! భోజనం మామూలే, కేర్ సాంగ్రీ కూర తప్ప. సాంగ్రీ అంటే మన జమ్మిచెట్టు కాయలే, ఎండబెట్టి దాచుకుంటారు. అడిగితేనే వడ్డించారు, అడగండి.

అసలు డబ్బులు గిట్టింది కారు దగ్గర. డ్రైవర్ సరిహద్దు వైపు పల్లెటూరి మనిషి. రామ్‌గఢ్ మీదుగా లోంగేవాలా, అక్కడి నుంచి తనోట్ మాత గుడికి తీసుకెళ్లాడు, దారంతా గాలిమరలూ కరెంటు తీగలే. ఆ తీగలకి తగిలే బట్టమేక పక్షులు చచ్చిపోతున్నాయని ఆయనే చెప్పాడు (మన రోళ్ళపాడులో ఉండేదీ ఇదే పక్షి). గుడిని బీఎస్ఎఫ్ వాళ్లే చూసుకుంటారు, 1965 యుద్ధంలో పేలని బాంబులు అక్కడే పెట్టారు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఖడీన్, అంటే వాననీటిని పట్టి పంట పండించే పొలం. వాన తక్కువ అనే మాట వింటూ అనంతపురంలో పెరిగినవాణ్ణి, కారు ఆపించి మరీ చూశా. వాలు కింద పొడుగ్గా మట్టికట్ట వేసి, పడ్డ కాస్త వాననీటినీ పొలంలోనే నిలబెడతారు, అది ఇంకాక ఆ తడి మీదే గోధుమ, శనగ పండిస్తారు. పాడుబడ్డ కుల్‌ధరా ఊరికి జనాలు దెయ్యాల కథల కోసం వెళ్తారు గానీ, ఈ ఖడీన్ పద్ధతికి పేరుపడ్డ ఆ ఊరి పాలీవాల్ బ్రాహ్మణుల గొప్పతనం చూడాలంటే ఈ పొలాలు చూడాలి.

డ్రైవర్ మీద ఒక్కటే కంప్లైంట్, తిరుగు దారిలో కమీషన్ ఇచ్చే బట్టల కొట్టు దగ్గర ఆపాడు. వద్దంటే ఊరుకున్నాడు లెండి.

కారుకి అయిదు స్టార్లు, క్యాంపుకి రెండు. చలికాలంలో వెళ్లండి, స్వెట్టర్ మర్చిపోవద్దు, డీజిల్‌తో కలిపి రేటు ముందే మాట్లాడుకోండి, ఆధార్ దగ్గర పెట్టుకోండి. ఎడారిలో రాత్రి పడుకోవాలనే ఉంటే సమ్ వదిలేసి ఖూరీ వైపు గ్రామాల్లో అడగండి, బుక్ చేసే ముందు డీజే ఉందా అని తేల్చుకోండి.