మిర్యాలగూడ నుంచి వైజాగ్: విమానం మురిపించింది, లాడ్జి ముంచింది

వైజాగ్ వెళ్లేవాళ్లకు ముందే చెప్తున్నా, స్టేషన్ బయట బ్రోకర్లు చూపించే లాడ్జీల జోలికి పోకండి. మాకు రూమ్ 1,200 అన్నారు. అత్తమ్మను, పిల్లాడిని తీసుకుని మూడో అంతస్తు ఎక్కాక ఏసీకి 400, నాలుగో మనిషికి 300 వేరే అన్నాడు. వేడినీళ్లు లేవు, దుప్పట్లు ఉతికిన దాఖలా లేదు. అడ్వాన్స్ 500 వెనక్కి అడిగితే, ‘సీజన్ సార్, ఉంటే ఉండండి’ అని మొహం తిప్పుకున్నాడు. ముసలావిడను మళ్లీ రోడ్డు మీదికి తేలేక ఉండిపోయాం. మా ఆవిడ సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

విశాఖ ఎక్స్‌ప్రెస్ ప్రయాణం, కైలాసగిరి బాగానే గడిచాయి.

అసలు మేం పోయింది బీచ్ రోడ్డులోని టీయూ-142 విమాన మ్యూజియం కోసం. మా వాడు ప్రొపెల్లర్ల కింద నిలబడి బ్లేడ్లు లెక్కపెట్టాడు, 32! నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ముందొకటి వెనకొకటి, ఎదురెదురు దిక్కుల్లో తిరిగే ప్రొపెల్లర్లు. 1988లో నేవీకి వచ్చి, సముద్రం మీద జలాంతర్గాములను వెతికిన విమానం ఇది. 2017 మార్చిలో అరక్కోణంలో రిటైరైంది. తర్వాత వైజాగ్‌లో నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలో దిగింది. అక్కడ విడదీసి, భాగాలుగా బీచ్‌కు తెచ్చి మళ్లీ బిగించారు. ఆ డిసెంబర్‌లోనే మ్యూజియం తెరిచారు.

రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 50 మీటర్లు. దాన్ని విప్పి బిగించినవాళ్ల పని గురించి గంటసేపు చెప్పినా వింటాను. మన నాగార్జునకొండ మ్యూజియంలో మునిగిపోయిన లోయ నమూనా చూస్తే, సాగర్ నీళ్లు రాకముందు ఏమేం కాపాడారో పిల్లలకు కూడా అర్థమవుతుంది. ఇక్కడా విమానాన్ని విప్పి బిగించిన తీరు చూపే అలాంటి నమూనా ఒకటి పెడితే బాగుంటుంది.

నేను రైస్‌మిల్లులో ఫిట్టర్‌ని. బాయిలర్ ఆవిరికే బోల్టులు ఎట్లా పట్టేస్తాయో రోజూ చూస్తా. ఇక్కడైతే రోడ్డు దాటితే సముద్రమే. అల్యూమినియం రేకు, స్టీలు బోల్టు కలిసిన చోట ఉప్పుతేమ చేరితే ముందు రేకే దెబ్బతింటుంది. రివెట్ల వరుసలో పెయింటు ఉబ్బిందంటే లోపల రేకు చెడి తెల్లపొడి మొదలైనట్టే. మంచినీళ్లతో కడగడం, గీకి మళ్లీ పెయింట్ వేయడం ఆగకూడదు. టికెట్ డబ్బులు ముందు దానికే పోవాలి.

ఎదురుగా కురుసుర జలాంతర్గామి మ్యూజియం కూడా ఉంది. వంగి దూరాల్సిన ద్వారాలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కష్టం. అత్తమ్మను బయటే కూర్చోబెట్టాం. రెండింటికీ కలిపి ఒక పూట పెట్టుకోండి. రూమ్ మాత్రం బీచ్ దగ్గరే చూసుకోండి. 500 ఎక్కువైనా పర్లేదు, మంచం చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.