వెండిపని వెతుక్కుంటూ న్యూ మెక్సికోలో నాన్నతో ఆరు రోజులు

మా నాన్నగారు కరీంనగర్‌లో నలభై ఏళ్లు వెండి తీగపని చేశారు. చూపు మందగించాక ఆరేళ్ల కిందట పని మానేశారు. పోయిన సెప్టెంబరులో అమ్మ, ఆయన డాలస్‌లో మా ఇంటికి వచ్చారు. వచ్చినవాళ్లందరికీ చూపించే జలపాతాలూ, పెద్ద పెద్ద భవనాలూ కాకుండా ఈసారి ఆయన కళ్లు వెలిగే చోటికి తీసుకెళ్లాలనుకున్నాను. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో నవాహో, జూనీ, ప్యూబ్లో అనే స్థానిక జాతులవాళ్లు వెండిలో పొదిగేది ఆకాశనీలం రాయి. మన ఫిరోజానే వాళ్లు టర్కాయిజ్ అంటారు. ఆ పని చేసే చేతులను నాన్న చూడాలి, అంతే.

విమానంలో ఆల్బుకర్కీ దిగి కారు అద్దెకు తీసుకున్నాం. అక్టోబరు మొదట్లో అక్కడ బెలూన్ల పండుగ జరుగుతుంది, గదుల ధరలు అందుకోలేం. సెప్టెంబరు మూడో వారం ఎంచుకోవడం మంచిదైంది. మొదటి రోజు ఇండియన్ ప్యూబ్లో కల్చరల్ సెంటర్‌కు వెళ్లాం. న్యూ మెక్సికోలోని 19 ప్యూబ్లోలు, అంటే ఆ జాతుల ఊళ్లు, కలిసి నడుపుకునే సంస్థ అది. ఏ ఊరివాళ్ల పని ఎలా ఉంటుందో అక్కడ కొంత తెలుస్తుంది. అంగడిలో ధరలు తక్కువ కావు కానీ సరుకు మీద నమ్మకం పెట్టుకోవచ్చు. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఒక పూట సరిపోతుంది.

శాంటా ఫే అరవై మైళ్లు. రైల్ రన్నర్ అనే రైలు కూడా ఉంది, తలుపులు మూసుకునేటప్పుడు బీప్ బీప్ అంటుంది, అమ్మకు భలే నచ్చింది. ఆ ఊళ్లో బస ఖరీదు. మేం రెండు రాత్రులు మట్టిగోడల పాత పద్ధతి సత్రంలో ఉన్నాం. గది చిన్నది, కారు నిలపడానికి వేరే డబ్బు, అయినా ఊరి నడిమధ్య ఉన్న చౌకుకు నడిచి వెళ్లగలిగాం. ఊరు ఏడు వేల అడుగుల ఎత్తున ఉంటుంది. మొదటి రోజు నాన్నకు ఆయాసం వచ్చింది. పెద్దవాళ్లను తీసుకెళ్తే ఆ పూట ఏ పనీ పెట్టుకోకండి, నీళ్లు ఎక్కువగా తాగించండి.

చౌకులో 1610 నాటి ప్యాలెస్ ఆఫ్ ది గవర్నర్స్ అనే పాత భవనం ఉంది. దాని పొడవాటి వసారాలో గోడకు ఆనుకుని, నేల మీద గుడ్డలు పరిచి స్థానిక జాతులవాళ్లు నగలు అమ్ముతారు. కూర్చునేవాళ్లు తాము గానీ తమ ఇంటివాళ్లు గానీ చేసిన వస్తువులే అమ్మాలి, నగ మీద చేసినవాళ్ల ముద్ర ఉండాలి. చోటు కంటే మనుషులు ఎక్కువైతే పొద్దున్నే చీట్లు తీస్తారు. మేం వెళ్లేసరికి అందరూ సర్దుకుని కూర్చున్నారు.

నాన్న ఒక నవాహో ఆవిడ ముందు కూర్చుని వెడల్పాటి కంకణం చేతిలోకి తీసుకున్నారు. ముందువైపు చూడలేదు. వెనక్కి తిప్పి, టంకం పారిన చోటు, అచ్చు దెబ్బకు లోపలికి వచ్చిన గుర్తులు, అంచు అరగదీసిన తీరు వేలితో తడిమి చూశారు. ఆవిడ కాసేపు చూసి, "మీరూ ఈ పనివారేనా?" అని అడిగింది. నేను చెప్పాను. "వెలిగారం వాడతారా అడుగమ్మా" అన్నారు నాన్న. బోరాక్స్ అనగానే ఆవిడ తలూపి, గొట్టంతో మంట ఊదుతున్నట్టు బుగ్గలు పొంగించి చూపింది, వాళ్ల తాత అలా ఊదేవాడట. ఆ తరువాత ఇరవై నిమిషాలు నా తర్జుమా పెద్దగా అవసరం పడలేదు.

అమ్మ మాత్రం తన ప్రశ్న వదల్లేదు: "తులం ఎంత, తరుగు ఎంత, మజూరీ ఎంత?" ఇక్కడ కాటా లేదు. వెండి 925 (వెయ్యికి 925 పాళ్లు) అయినా తూకం మీద ధర కట్టరు. రాయి ఏ గనిది, ఎంత అరుదు, ఎన్ని రోజుల పని, ఎవరి చేయి, ఇవే ధర. ఆ కంకణం 180 డాలర్లు చెప్పింది. అమ్మ 120కి అడగమంది. నాన్న అడ్డుపడ్డారు: "నా పనికి ఎవరైనా మూడో వంతు కోసి ఇస్తే నీకెలా ఉండేదో గుర్తు తెచ్చుకో." చెప్పిన ధరకే తీసుకున్నాం. మా ప్రయాణం మొత్తంలో మంచి బేరం అదే.

మంచిది కాని బేరం అదే సాయంత్రం జరిగింది. చౌకుకు దగ్గరలోనే 70 శాతం తగ్గింపు బోర్డు పెట్టిన ఒక అంగట్లో అమ్మ కమ్మలు కొంది, 45 డాలర్లు. చేసింది ఎవరని అడిగితే "నేటివ్ పనే" అన్నారు, పేరు చెప్పలేదు. రాత్రి గదిలో నాన్న నా గోళ్ల రంగు తుడిచే మందులో దూది ముంచి రాయిని రుద్దారు. దూది నీలంగా మారింది. రంగేసిన తెల్లరాయి. మర్నాడు తిరిగి ఇవ్వబోతే డబ్బు వెనక్కి ఇవ్వం, మరో జత తీసుకోండి అన్నారు. మేం తీసుకోలేదు.

నాకు కోపం 45 డాలర్ల గురించి కాదు. చేయని చేతుల పేరు చెప్పి అమ్మడం ఆ వసారాలో నేల మీద కూర్చున్న ఆవిడ అన్నం లాక్కోవడమే. అందుకే 1990లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసింది: స్థానిక జాతులవాళ్లు చేయని వస్తువును వాళ్లు చేసిందని అమ్మితే మొదటి నేరానికే రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా, ఐదేళ్ల వరకు జైలు. ఫిలిప్పీన్స్‌లో చేయించి తెచ్చి అమ్మినందుకు ఆల్బుకర్కీలో ఒక వర్తకుడికి 2018లో ఆరు నెలల శిక్ష కూడా పడింది. కాబట్టి కొనేటప్పుడు చేసినవాళ్ల పేరు, జాతి, రాయి సహజమా, గట్టిపరిచినదా అన్న వివరాలు రసీదు మీద రాయించుకోండి. నిజాయితీగా అమ్మేవాళ్లు వెంటనే రాసిస్తారు. గట్టిపరచడం మోసం కాదు. చాలా ఫిరోజా మెత్తగా, గుల్లగా దొరుకుతుంది, జిగురు ఎక్కించకపోతే నగకు పనికిరాదు. చెప్పకపోవడమే మోసం.

కొనకముందే వీల్‌రైట్ మ్యూజియం చూసి ఉంటే మేం మోసపోయేవాళ్లం కాదేమో. 2015లో అక్కడ ఈ ప్రాంతపు నగలకే ఒక ప్రత్యేక శాల తెరిచారు. మొదట్లో పని ఎంత మోటుగా ఉండేదో, తరువాత ఎలా నాజూకైందో వరుసగా కనిపిస్తుంది. నవాహోలలో మొదటి కంసాలిగా చెప్పుకునే అత్సిదీ సానీ ఒక మెక్సికన్ కమ్మరి దగ్గర ఇనుప పని నేర్చుకున్నాడు. 1864లో సైన్యం నవాహోలను వందల మైళ్లు నడిపించి నిర్బంధించింది. 1868లో వాళ్లు తిరిగి సొంత నేలకు వచ్చాక వెండిపని ఊరూరా పాకింది. అమెరికన్ డాలర్లు, తరువాత మెక్సికన్ పెసోలు కరిగించి పోతపోసేవాళ్లు. "మనవాళ్లు విక్టోరియా రూపాయలు కరిగించినట్టే" అన్నారు నాన్న. నవాహోలు చేసే గుమ్మడిపూల హారంలో కింద వేలాడే నెలవంక స్పానిష్ వాళ్ల గుర్రపు కళ్లేల నుంచి వచ్చిందని చదివి ఆయన ఆ అద్దం ముందే ఆగిపోయారు. శాంటా ఫేలో ఒక్క పూటే ఉంటే నేను ఈ మ్యూజియానికీ, వసారాకూ ఇస్తాను. మిగతా అంగళ్లు వదిలేయవచ్చు.

తిండి విషయం రెండు మాటల్లో. ఎక్కడ కూర్చున్నా "ఎర్రదా, పచ్చదా?" అని అడుగుతారు, మిరపకాయల పులుసు గురించి. శాకాహారులు అందులో మాంసం వేశారో లేదో విడిగా అడగాలి. అమ్మ మూడు రోజులు పచ్చదానితో హాయిగా గడిపింది.

గాలప్ ఆల్బుకర్కీకి పడమట 140 మైళ్లు. అందంగా ఉండే ఊరు కాదు, రాత్రంతా గూడ్సు రైళ్లు పోతూనే ఉంటాయి. మేం దిగిన మోటలులో కిటికీలు అదిరేవి. 1937 నాటి ఎల్ రాంచో హోటల్ హాలు మాత్రం ఊరికే చూసి రండి. ఈ ఊరి అసలు సంగతి తాకట్టు కొట్లు. నవాహో కుటుంబాలు హారాలు, గుర్రపు జీనులు భద్రత కోసం కూడా ఇక్కడ పెడతారు, అవసరానికి విడిపించుకుంటారు. విడిపించని సొమ్మును అమ్మకానికి పెడతారు. అలాంటి ఒక పాత హారం చూసి నేను ముచ్చటపడ్డాను. అమ్మ నా చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది: "ఎవరో విడిపించుకోలేని సొమ్ము మనకెందుకమ్మా." చట్టప్రకారం తప్పేమీ లేదు, మంచి పాతపని అక్కడే దొరుకుతుంది. అయినా నేనూ కొనలేకపోయాను.

గాలప్ నుంచి జూనీలు ఉండే జూనీ ఊరు నలభై మైళ్లకు లోపే. ముందు సందర్శకుల కేంద్రానికి వెళ్లాలి. ఫోటోలకు అనుమతి తీసుకోవాలి, పూజల చోట అసలు తీయకూడదు. నగదు దగ్గర ఉంచుకోండి. ఆ ఊళ్లో ఇల్లిల్లూ ఒక పనిశాల. ముందే అడిగి పెట్టుకోవడంతో ఒక దంపతుల ఇంటికి వెళ్లే వీలు దొరికింది.

వంటగది పక్క గదిలో కిటికీ దగ్గర బల్ల. ఆయన బియ్యపుగింజ కంటే సన్నని ఫిరోజా ముక్కను పుల్ల చివర మైనంతో అంటించి, తిరిగే చక్రం మీద ఆనించి తీస్తున్నాడు. రెండు సెకన్లు రాస్తాడు, తీసి వెలుతురులో చూస్తాడు, మళ్లీ ఆనిస్తాడు. ఆవిడ వెండి రేకును గోరంత గూడుగా వంచి టంకం పెడుతోంది. ఒక్క పతకంలో అలాంటి గూళ్లు అరవైకి పైగా ఉన్నాయి, ఏ రాయి ఏ గూటిదో దానిదే. నాన్న భూతద్దం అడిగి తీసుకుని ఒక గూటిని చాలాసేపు చూశారు. "మా తీగ పని కంటే ఇది కష్టం" అన్నారు. ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. అక్కడ అమ్మకు 95 డాలర్లకు చిన్న జత కమ్మలు కొన్నాం. ఆవిడ ఒక జాగ్రత్త చెప్పింది: సబ్బు, నూనె, అత్తరు ఈ రాయికి తగలకూడదు. మన ఇళ్లలోలా చింతపండు పెట్టి తోమితే పాడవుతుంది, పొడి మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు.

అరిజోనా రాష్ట్రంలో, నవాహో నేల మీద ఉన్న గెనాడోలోని హబ్బెల్ ట్రేడింగ్ పోస్టుకు గాలప్ నుంచి గంట పైన ప్రయాణం. 1878లో మొదలైన కొట్టు, ఇప్పటికీ నడుస్తోంది. నగల కంటే తివాచీలు బాగున్నాయి. వెళ్లేటప్పుడు గడియారం చూసుకోండి. వేసవి నెలల్లో అరిజోనా సమయం వేరు, నవాహో నేల మీద సమయం వేరు, మా ఫోనులు రెండుసార్లు మారాయి.

తిరుగు ప్రయాణానికి ముందు నాన్న గాలప్‌లో పనివారికి సామాను అమ్మే కొట్టుకు తీసుకెళ్లమన్నారు. రేకులు, తీగలు, సంచుల్లో రాళ్లు. ఆయన ఉక్కు అచ్చులు మూడు ఏరుకున్నారు: అర్ధచంద్రం, బాణపు మొన, ఒక చిన్న సూర్యుడు. డాలస్ వచ్చిన మర్నాడు గరాజులో చప్పుడు వినిపించి వెళ్లి చూశాను. కట్టె మొద్దు మీద రాగి రేకు పెట్టుకుని, కళ్లజోడు మీద కళ్లజోడు తగిలించుకుని, సూర్యుడి పక్కన సూర్యుణ్ణి కొట్టుకుంటూ వరస కలుపుతున్నారు.