రైతు షెడ్డులో మిగిలిపోయిన పాత బెంచ్ వైస్: కొత్తదానికంటే మేలేనా?

పొలం చేసుకుంటూ పార, నాగలి, మోటారు అన్నీ తనే బాగుచేసుకునే మనిషి పోయాక, ఇంట్లోవాళ్లు తుక్కుకింద వేసే వాటిలో మొదటిది ఈ వైస్, అంటే బల్లకు బిగించి, పని చేసే వస్తువును రెండు దవడల మధ్య గట్టిగా పట్టి ఉంచే పనిముట్టు. తొందరపడొద్దు. ఆయన పని ఎలాంటిదో దీనిమీదే రాసి ఉంటుంది. దవడలు ఒక చివరే అరిగితే సన్న పనులు ఎక్కువ, వెనక దిమ్మె మీద గుంటలుంటే సుత్తి పని ఎక్కువ.

దవడ వెడల్పు 100 మి.మీ. ఉంటే పొలం పనికి చాలు. ముందు పిడి పూర్తిగా తిప్పి కదిలే భాగాన్ని బయటికి లాగండి. మర (చుట్టూ గాడి ఉన్న పొడవాటి కడ్డీ), అది తిరిగే నట్టు కిరోసిన్‌తో కడిగి, తీగ బ్రష్‌తో రుద్ది, గ్రీజు పూయండి. పిడి కొద్దిగా వట్టిగా తిరగడం మామూలే, మరీ ఎక్కువైతే మాత్రం నట్టు అరిగి ఉండొచ్చు. సరిపడే కొత్త నట్టు దొరక్కపోతే, చేయించలేకపోతే వైస్ వృథా.

పగుళ్లు చూడటం మరవొద్దు. పోత ఇనుము వంగదు, విరుగుతుంది. చిన్న సుత్తితో తడితే ఖంగుమనాలి, బొంగురుగా పలికితే వదిలేయండి. పిడికి పైపు తొడిగి బిగించే అలవాటే చాలా వైసులను చంపింది.

బిగించేటప్పుడు స్థిర దవడ బల్ల అంచు దాటి కాస్త ముందుకు రావాలి, లేకపోతే పొడవాటి పైపు నిలువుగా పట్టదు. మేకులు, స్క్రూలు వద్దు, బల్ల ఆరపార బోల్టులు, కింద పెద్ద వాషర్లు వేయండి. దవడల ఎత్తు మోచేతి దగ్గరికి వస్తే ఆకురాయి పట్టడం సులువు. దవడల మీది గళ్ల పలకలు అరిగినా ఫరవాలేదు, అవి స్క్రూలతో బిగించినవైతే ఊడదీసి మార్చుకోవచ్చు. తుప్పు పైపైనే ఉంటే కొత్తదానికంటే దీనికే నా ఓటు.