చప్పుడు చేయని పెట్టె: రెండు వేసవుల తర్వాత

ఇంట్లో పాటలు రికార్డు చేసుకోవడానికి కంప్యూటర్ కొంటాం, ఏది మంచిదని అడిగేవాళ్ళు ముందు ప్రాసెసర్ గురించి అడుగుతారు, తర్వాత ర్యామ్ గురించి. ఎంత చప్పుడు చేస్తుందని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. నాకు మాత్రం ఇప్పుడు ఆ ప్రశ్న తర్వాతే మిగతావన్నీ. ఫ్యాన్ లేని ఈ చిన్న కంప్యూటర్ పెట్టె కొని రెండు వేసవులు దాటాయి. దీని మీద నాకు కోపాలున్నాయి, చెబుతాను. అయినా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మైకు గెయిన్ పైకి తిప్పితే గదిలో గోడ గడియారం తప్ప ఇంకేమీ వినబడకపోవడం ఉంది చూశారూ, అది మాత్రం నేను పెట్టిన డబ్బుకు వడ్డీతో సహా ముట్టినట్టే. గడియారాన్ని వంటింట్లోకి మార్చాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

లోపలి సరుకు సంగతి ఒక్క ముక్కలో: ఇంటెల్ ఎన్100 చిప్పు, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, పైనంతా అల్యూమినియం రెక్కలు. ఈ తరహా పెట్టెలు పది పేర్లతో దొరుకుతున్నాయి, లోపల ఇంచుమించు ఒకటే. కాబట్టి నాది ఏ కంపెనీదో చెప్పి ప్రయోజనం లేదు.

నేను చేసేది పెద్ద స్టూడియో పనేమీ కాదు. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో, చుట్టుపక్కల పల్లెల్లో, నాటకాల పద్యాలు పాడేవాళ్ళు ఇంకా ఉన్నారు. చాలామంది డెబ్బై దాటినవాళ్ళే. వాళ్ళ గొంతుకొక మైకు, హార్మనీకొక మైకు. ధనుర్మాసం వస్తే భజనలు. అప్పుడప్పుడు పక్కింటి ఒడియా వాళ్ళమ్మాయి పాడే జణాణాలు, అంటే జగన్నాథుడికి మొరపెట్టుకునే ఒడియా భక్తి పాటలు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో రెండు ట్రాకులంటే గంటకు ఒక జీబీ చిల్లర. ఆ మాత్రానికి పెద్ద ప్రాసెసర్ ఎందుకు?

పద్యం ఎరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. నాలుగో పాదం ముగిశాక రాగం అందుకుంటారు. అది పైకి వెళ్ళి, అక్కడ కాస్త తిరిగి, దిగుతూ, సన్నబడి ఆగుతుంది. వినేవాడు చప్పట్లు కొట్టేది అక్కడే. రికార్డింగులో ఫ్యాన్ హోరు పైకి తేలేదీ అక్కడే. సినిమా పాటకైతే వెనక వాయిద్యాలుంటాయి, హోరు వాటి కింద దాక్కుంటుంది. పద్యానికి ఆ అదృష్టం లేదు.

నా పాత టవర్ కంప్యూటర్‌తో ఈ బాధ చాలాకాలం పడ్డాను. నాయిస్ రిడక్షన్ ప్లగిన్ వేస్తే హోరు పోయేది. దానితోపాటు హార్మనీ తిత్తిలో గాలి కదిలే సవ్వడీ పోయేది, రాగం చివర నీళ్ళలో మునిగి పాడినట్టు అయ్యేది. టవర్‌ని పక్క గదిలో పెట్టి కేబుల్ లాగుదామంటే మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్‌కి అయిదు మీటర్లే హద్దు. మా పాత ఇంటి గోడలు చుట్టి రావడానికి అది చాలదు. తమ్ముడి ల్యాప్‌టాప్‌తోనూ చేశాను. దాని ఫ్యాన్ మరీ కపటిది. మైకు సరిచూసుకునేటప్పుడు కిక్కురుమనదు, రెండో పద్యం మధ్యలో లేస్తుంది. ఒకే స్థాయిలో మోగే హోరునైతే ప్లగిన్ గుర్తుపట్టి తీసేస్తుంది గానీ, ఎక్కుతూ దిగుతూ ఉండేదాన్ని ఏం చేయగలదు?

ఫ్యాన్ లేని పెట్టె వచ్చాక ఈ గొడవ పోయింది. అది అనుకున్నదే, అందుకే కొన్నాను. అనుకోని మేలు కరెంటు పోయినప్పుడు బయటపడింది.

దీంతో వచ్చిన అడాప్టర్ 12 వోల్టులు, 3 ఆంపియర్లు. రూటర్లకు పెట్టుకునే డీసీ యూపీఎస్‌లలో అంత ఇచ్చేవి ఉన్నాయి. కాలబైశాఖి గాలివానల రోజుల్లో ఇక్కడ కరెంటు పోవడం మామూలే కనుక, కనీసం ఫైలు పాడవకుండా ఉంటుందని ఒకటి కొని తగిలించాను. ఒక సాయంత్రం హార్మనీ ముందు కూర్చున్న పెద్దాయన పద్యం ఎత్తుకున్నారు. రెండో పాదంలో కరెంటు పోయింది. మానిటర్ నల్లబడింది. మైకులను కంప్యూటర్‌కు కలిపే ఇంటర్‌ఫేస్ మీద ఆకుపచ్చ దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. దానికి కరెంటు యూఎస్‌బీ లోంచే కదా, పెట్టె బతికుంటే అదీ బతికున్నట్టే. పెట్రోమాక్స్ దీపాల కింద రాత్రంతా నాటకాలాడిన మనిషి, ఆయనకు చీకటి ఒక లెక్కా? ఆగలేదు. నేనూ కదల్లేదు.

తర్వాత విన్నప్పుడు ఆ చోటు చెవికే తెలిసిపోయింది. రెండు గదుల అవతలి ఫ్రిజ్, ఎవరింట్లోనో నీళ్ళ మోటారు, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్, అన్నీ ఒక్కసారి నోరు మూసుకున్నాయి. ఇన్నాళ్ళూ నా రికార్డింగుల అడుగున గుంయ్‌మనే మోత ఒకటి కూర్చుని ఉందని, అది పోయాక గానీ నాకు తెలియలేదు. ఆ పద్యం చివరి రాగం గాలిలో ఎక్కడ ఆగిందో కూడా వినబడుతుంది. ఇంతవరకూ నేను చేసినవాటిలో అదే మంచిది.

అప్పటినుంచి ముఖ్యమైన పాట అయితే నేనే మీటరు దగ్గర మెయిన్ ఆపేస్తున్నాను. "ఫ్రిజ్‌లో పాలు విరిగితే కాఫీకి బదులు మీ పద్యాలే తాగండి" అని మా ఆవిడ అంటుంది. తెర లేకుండా చేయడం కష్టమేమీ కాదు. రికార్డింగుకు రీపర్ అనే ప్రోగ్రాం వాడతాను కాబట్టి కంట్రోల్, ఆర్ కలిపి నొక్కితే రికార్డు మొదలు, స్పేస్ నొక్కితే ఆగుతుంది, కంట్రోల్, ఎస్‌తో సేవ్. ఆపగానే ఫైలు ఉంచాలా తీసేయాలా అని అడిగే డబ్బా ఒకటి వస్తుంది, దాన్ని ప్రిఫరెన్సెస్‌లో ముందే తీసేసుకోవాలి. చీకట్లో దానికి జవాబు చెప్పలేం. యూపీఎస్ కొనేవాళ్ళు మాత్రం జాగ్రత్త. అన్ని పెట్టెలూ 12 వోల్టులవి కావు, 19 వోల్టులవీ ఉన్నాయి. రూటర్ యూపీఎస్‌లలో చాలావాటికి 2 ఆంపియర్లే. పిన్నులో ప్లస్ లోపల ఉందో బయట ఉందో కూడా చూసుకోండి.

ఇంతవరకూ చదివి ఆర్డర్ పెట్టేయకండి. మే నెల ఒకటుంది.

పాడేటప్పుడు గదిలో సీలింగ్ ఫ్యాన్ ఆపాలి. ఆటోలూ, నౌపడ లైను మీద రైలు కూతా వినబడకుండా కిటికీలు మూయాలి. (రాజావారి చలవతో 1900లో వచ్చిన లైను అది. అప్పట్లో చిన్న బండి, కూత కూడా చిన్నదేనేమో.) మనుషులు చెమటలు కక్కుతూ కూర్చుంటారు. ఫ్యాన్ లేని పెట్టెకు ఉన్న ఆధారం గదిలో గాలి ఒక్కటే. ఆ గాలినే మనం ఆపేస్తున్నాం.

మొదటి వేసవిలో ఒక మధ్యాహ్నం పద్యం నడుస్తుండగా టప్‌మని ఒక శబ్దం. కాసేపటికి మరొకటి. ఆ తర్వాత వరసగా. ముందు కేబుల్ మార్చాను. పోర్టు మార్చాను. ఇలాంటి టపటపలకు వైఫై డ్రైవర్ కారణమవడం మామూలే కనుక వైఫై ఆపాను. ఏమీ మారలేదు. కంప్యూటర్ శబ్దాన్ని వేళకు అందించగలదో లేదో చూపే లేటెన్సీమాన్ అనే ప్రోగ్రాం పెట్టి చూస్తే పొద్దున అంతా పచ్చగా ఉండేది, మధ్యాహ్నానికి ఎర్రబడేది. అప్పుడు వేడి కొలిచే ప్రోగ్రాం పెట్టాను. చిప్పు తొంభై దాటి నూరు డిగ్రీల వైపు పోతోంది. వేగం 3 గిగాహెర్ట్జ్ దగ్గర నుంచి ఒకటికంటే కిందికి జారుతోంది.

చిప్పుని అనడానికేమీ లేదు. వేడెక్కితే వేగం తగ్గించుకుని బతకమనే దానికి నేర్పారు. కానీ నేను బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకు తీసుకునే శబ్దం ముక్క, 128 శాంపిళ్ళకు పెట్టి ఉంచాను. అంటే ప్రతి 2.7 మిల్లీసెకన్లకూ ఒక విడత శబ్దం అందించి తీరాలి. జారిన వేగంతో అది అందించలేక మధ్యలో ఖాళీ వదిలేస్తోంది. ఆ ఖాళీయే మనకు టప్‌మని వినబడేది. బఫర్ పెంచి మళ్ళీ మొదలుపెడదామంటే అప్పటికే పెద్దాయన గొంతు అలిసిపోయింది. బస్సులో ఊరినుంచి వచ్చిన మనిషి. రెండు మంచి పద్యాలు పాడైపోయాయి. హార్మనీ మూసేసి, "ఏటి బాబూ, మీ మిషనుక్కూడా ఆయాసమొచ్చీసిందేటి? నాకైతే వయసొచ్చింది, దానికేటొచ్చింది?" అన్నారు.

అమ్మినవాళ్ళకు రాశాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది: వేసవిలో ఏసీ గదిలో వాడండి, అని. నిశ్శబ్దం కోసం ఫ్యాన్ లేనిది కొన్నవాణ్ణి ఏసీ పెట్టుకోమనడం! ఆ ఉత్తరం ఇప్పటికీ దాచుకున్నాను, దిగులుగా ఉన్నప్పుడు చదువుకోవడానికి.

చివరికి బస్టాండు దగ్గర మొబైళ్ళు బాగుచేసే కుర్రాడి దగ్గరికి తీసుకెళ్ళాను. అడుగున నాలుగు మరలు తీసి, మూత ఎత్తి చూసి, "సార్, ఇందులో పేస్టేది? ఎండిన సున్నంలా రాలిపోతోంది" అన్నాడు. చిప్పు వేడిని అల్యూమినియం మూతకు చేర్చాల్సిన పేస్టు అది. సగం చోట్ల అసలు తగలడమే లేదు. పైన రెక్కలు ఎన్ని ఉంటే ఏం లాభం, వేడి అక్కడిదాకా వెళ్ళే దారే లేనప్పుడు? పాతది గీకేసి, కొత్తది రాసి, మరలు నాలుగు మూలలా సమంగా బిగించాడు. పేస్టు గొట్టం ఖరీదు కూడా కలిపి వాడు తీసుకున్నది ఒక హోటల్ భోజనం డబ్బులు. వారంటీ స్టిక్కర్ చిరిగింది. చిరగనీ, ఆ వారంటీ ఇచ్చిన సలహా చూశాం కదా.

అదే గదిలో, అదే వేళకు, దగ్గర దగ్గర పదిహేను డిగ్రీలు తగ్గింది.

దాంతోపాటు బఫర్ కూడా 512కి మార్చేశాను. ఇది చాలామంది పట్టించుకోని విషయం. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ మీట ఉంటే, పాడేవాళ్ళ గొంతు అక్కడినుంచే నేరుగా వాళ్ళ హెడ్‌ఫోన్స్‌కి పోతుంది, కంప్యూటర్ లోపలికెళ్ళి తిరిగి రానక్కర్లేదు. బఫర్ ఎంత పెద్దదైనా వాళ్ళకు ఆలస్యం తెలియదు. వాళ్ళ చెవికి రివర్బ్ (పెద్ద హాల్లో పాడినట్టు ప్రతిధ్వని) కలిపి వినిపించాలంటే మాత్రం కుదరదు. పద్యం పాడేవాళ్ళు రివర్బ్ అడగరు. సినిమా పాటలు పాడే కుర్రాళ్ళు అడుగుతారు, వాళ్ళను నేను ఎక్కువ పిలవను.

ఇన్ని చేశాక కూడా మే నెలలో పొద్దున పది గంటలు దాటితే రికార్డింగు పెట్టుకోవడం లేదు. పెట్టె తట్టుకుంటుందేమో, రెండుసార్లు తట్టుకుంది కూడా. నాకే ధైర్యం చాలడం లేదు.

ఇంకొకటి. మొదట్లో నిశ్శబ్దం అన్నాను, అది నూటికి నూరుపాళ్ళు నిజం కాదు. రాత్రిపూట చెవి దగ్గర పెట్టి వింటే లోపలినుంచి కీచుమని సన్నటి శబ్దం వస్తుంది, అదీ తెర మీద ఏదైనా కదులుతున్నప్పుడు. లోపలి కాయిళ్ళ శబ్దం అది, ఫ్యాన్ లేనంత మాత్రాన పోదు. రికార్డు అయ్యేటప్పుడు తెర మీద ట్రాకు జరగకుండా ఆటో స్క్రోల్ ఆపేస్తే చాలావరకు తగ్గింది. పెట్టెను మైకు వీపు వైపు, చేతికందనంత దూరంలో ఉంచుతాను. కార్డియాయిడ్ మైకుకు వెనకనుంచి వచ్చేది అన్నిటికంటే తక్కువ వినబడుతుంది కదా. ఆ తర్వాత నా ఫైళ్ళలో ఆ కీచు కనబడలేదు. ఒంటి వీణకో, గుసగుసగా చదివే కథలకో వాడితే కనబడుతుందేమో.

కొనమంటానా? బరంపురంలో నా స్నేహితుడు ఒకడు కీబోర్డు మీదే పాటంతా కడతాడు. డ్రమ్స్, వయొలిన్లు, వేణువు, అన్నీ కంప్యూటర్ లోపలే. వాడి ప్రాజెక్టు ఒకటి ఈ పెట్టెలో తెరిచాం. బఫర్ ఎంత పెంచినా మొదటి చరణం దాటలేదు. ఆ పని చేసేవాళ్ళకు మంచి ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాన్లున్న టవరే సరైనది; వాళ్ళకు మైకు ముందు పని తక్కువ కాబట్టి కాస్త హోరున్నా నష్టం లేదు. కోరాపుట్, సిమిలిగుడ లాంటి కొండమీది ఊళ్ళవాళ్ళకు నేను మే నెల గురించి రాసినదంతా అతిగా అనిపించవచ్చు. నాలాగా గొంతూ ఒకటో రెండో వాయిద్యాలూ మాత్రమే ఉండి, పాడేటప్పుడు గదిలో ఫ్యాన్ ఆపగలిగి, ఇంట్లో మెయిన్ ఆపినా తిట్టి ఊరుకునే మనిషి ఉంటే, తీసుకోండి. వచ్చిన రోజే మూత విప్పి పేస్టు చూసుకోండి, లేదా విప్పగలిగినవాళ్ళకు చూపించండి.

నాది వచ్చే మార్చిలో మళ్ళీ విప్పిస్తాను. కుర్రాడు రాసిన పేస్టు గొట్టంలో ఇంకా సగం ఉంది.