1952 టాప్స్ సెట్: కొనేముందు ఏం చూడాలి

పాత బేస్‌బాల్ కార్డుల్లో, అమెరికా కంపెనీ టాప్స్ 1952లో తెచ్చిన సెట్‌కి సాటి వచ్చేది అరుదు. మొత్తం 407 కార్డులు. రంగులద్దిన బొమ్మ, కింద ఆటగాడి సంతకం, వెనక గణాంకాలు. చేతిలోకి తీసుకుంటే వదలబుద్ధి కాదు.

అసలు చిక్కు 311వ కార్డు నుంచి మొదలవుతుంది. ఆ ఆఖరి వరస సీజన్ చివర్లో వచ్చింది, సరిగ్గా అమ్ముడుపోలేదు. మిగిలిన సరుకును 1960లో అట్లాంటిక్‌లో పారబోశారు. అందుకే ధర కొండెక్కింది. 311వ కార్డు ప్రఖ్యాత ఆటగాడు మిక్కీ మాంటిల్‌ది. 2022లో ఒకటి 1.26 కోట్ల డాలర్లకు పోయింది. అయినా అది అతని తొలి కార్డు కాదు, తొలిది బౌమన్ అనే మరో కంపెనీ 1951లో తెచ్చింది. ఓ గొప్ప ఆటగాడి తొలి కార్డే కావాలంటే ఈ సెట్‌లో 407 చూడండి: ఎడ్డీ మాథ్యూస్. 1952లోనే బ్రేవ్స్ జట్టు తరఫున అడుగుపెట్టి, కెరీర్‌లో 512 హోమ్‌రన్లు బాదాడు.

సెట్‌లో 1వ నంబరు కార్డు ఆండీ పాఫ్కో, ఆఖరిది మాథ్యూస్. రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టడంతో ఈ రెంటికే దెబ్బ ఎక్కువ. అంచుల్లో నొక్కులు వెతకండి. లైటును పక్కనుంచి ఏటవాలుగా పడనిస్తే సన్నని మడతలు కూడా బయటపడతాయి.

కొలత తప్పనిసరి. అసలు కార్డు 2⅝ × 3¾ అంగుళాలు. తగ్గితే అంచు కత్తిరించారని అనుమానించాలి. 1983 పునర్ముద్రణ అంతకంటే చిన్నది, 2½ × 3½. మామూలు సైజు తొడుగుల్లో అసలు కార్డును కుక్కితే మూలలు నలుగుతాయి, పెద్ద సైజువే కొనండి.

మొత్తం సెట్టు వెంట పడకుండా, 1–310 మధ్య నచ్చిన ఆటగాళ్లతో మొదలుపెట్టడమే మేలు.