చిత్తూరు బండి, లోపెరమైడ్ మాత్ర: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

తిరుపతిలో కాపురం, చిత్తూరులో ఒక కార్యాలయపు లెక్కల విభాగంలో ఉద్యోగం, విరేచనాలు ప్రధానంగా ఉండే ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పరీక్షల్లో ఏ లోపమూ కనబడకుండానే పేగుల పనితీరు తప్పే) జబ్బు. ఈ మూడూ ఒకే మనిషికి ఉన్నప్పుడు చేతిసంచిలో లేకుండా ఇల్లు దాటలేని వస్తువు ఒకటి ఏర్పడుతుంది. నాకు అది విరేచనాలను ఆపే 2 మిల్లీగ్రాముల లోపెరమైడ్ మాత్ర. కొద్ది రూపాయలకు దొరికే ఈ మాత్రకు ఇంత పెద్ద సమీక్ష ఎందుకని కొందరికి అనిపించవచ్చు. పోను సుమారు 70 కిలోమీటర్లు, రాను మరో 70 కిలోమీటర్లు రోజూ తిరుగుతూ, దారిలో ఏ పెట్రోల్ బంకులో మరుగుదొడ్డికి తాళం వేసి ఉంటుందో కంఠతా వచ్చినవారికి అలా అనిపించదు.

జబ్బు 2016లో మొదలైంది. ఒక పెళ్లి భోజనం తర్వాత వారం రోజులు వాంతులు, బేదులు పట్టుకున్నాయి. జ్వరం తగ్గింది, వాంతులు ఆగాయి, కడుపు మాత్రం మునుపటి దారికి రాలేదు. పేగులకు సోకిన ఇన్‌ఫెక్షన్ పూర్తిగా పోయాక కూడా కొందరిలో పేగు కదలికలు, పేగు నరాల సున్నితత్వం మారిపోయి ఐబీఎస్‌గా నిలిచిపోతాయని అప్పటికి నాకు తెలియదు. తెలియని ఆ ఏడాదంతా మందుల దుకాణంవారు అడిగిందే తడవుగా చేతిలో పెట్టిన యాంటీబయోటిక్ మాత్రలను నెలకొకసారి మింగుతూ వచ్చాను. రెండు రోజులు బాగుండేది, మూడో రోజు మళ్లీ మామూలే. మా అత్తగారు దీనిని సంగ్రహణి అని తేల్చి, మారేడుకాయ గుజ్జు, దానిమ్మ తొక్కల కషాయం, పలుచటి మజ్జిగతో మెత్తటి అన్నం పెట్టారు. వాటిలో మజ్జిగ అన్నం ఒక్కటే ఇప్పటికీ నడుస్తోంది.

2017లో జీర్ణకోశ వైద్యుడిని కలిశాను. ఆయన మందు రాయడానికి ముందు వేసిన ప్రశ్నలను ఇక్కడ చెప్పడం అవసరం, ఎందుకంటే ఈ సమీక్ష చదివి నేరుగా దుకాణానికి పరుగెత్తేవారు ఉంటారు. రక్తం పడుతోందా, జ్వరం వస్తోందా, బరువు తగ్గారా, నడిరాత్రి నిద్రలోంచి లేచి వెళ్లవలసి వస్తోందా, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉందా అని అడిగారు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది ఐబీఎస్ అనుకుని ఊరుకోకూడదట. రక్తహీనతకు, థైరాయిడ్‌కు, గోధుమ పడని సీలియాక్ జబ్బుకు రక్తపరీక్షలు, పేగులో వాపు ఉందేమో చూసే కాల్‌ప్రొటెక్టిన్ మలపరీక్ష చేయించి, అన్నీ మామూలుగానే వచ్చాక, ఏడు బొమ్మలున్న ఒక కాగితం నా ముందు పెట్టారు. అది మలం ఆకారాన్ని ఒకటి నుంచి ఏడు వరకు వర్గీకరించే బ్రిస్టల్ పట్టిక. నాది ఎక్కువ రోజులు ఆరు, ఏడు, అంటే బాగా పలుచన. సిగ్గుపడుతూ చెప్పవలసిన విషయాన్ని ఒక్క అంకెతో చెప్పగలగడం లెక్కల మనిషినైన నాకు ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను.

ఇక మాత్ర సంగతి. లోపెరమైడ్ నల్లమందు జాతికి చెందినదే అయినా మామూలు మోతాదులో మెదడుకు ఎక్కదు. పేగు గోడలోని గ్రాహకాల మీద పనిచేసి కదలికలను నెమ్మదింపజేస్తుంది. అలా నెమ్మదించినప్పుడు పేగు నీటిని పీల్చుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. అయితే గొట్టపు మాత్ర (క్యాప్సూల్) రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఈ ఒక్క విషయం తెలియక మొదటి ఏడాది దాన్ని పూర్తిగా తప్పుగా వాడాను. కడుపులో కలుక్కుమన్నాక మింగేదాన్ని. మంట అంటుకున్నాక బావి తవ్వడమంటారే, అది అచ్చంగా ఇదే.

ఆ పాఠం నేర్చుకున్నది పూతలపట్టుకు ఇవతల. ఉదయం ఆరింటికి కాఫీ, ఆరున్నరకు రెండు ఇడ్లీలు, ఏడింటికి బస్సు. కడుపులో ఆహారం పడగానే పెద్దపేగు కదలడం అందరికీ ఉన్నదే, మాలాంటివారికి అది కాస్త అతిగా ఉంటుంది, దానికి వేడి కాఫీ తోడైతే ఇక చెప్పనక్కరలేదు. చంద్రగిరి దాటగానే మొదలైంది. మాత్ర వేసుకుని, కళ్లు మూసుకుని, కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. చివరికి లేచి డ్రైవరు దగ్గరకు వెళ్లి, “అన్నా, ఒక్క రెండు నిమిషాలు ఎక్కడన్నా ఆపన్నా” అన్నాను. “ఇంగ పది నిమిషాల్లో పూతలపట్టు వస్తాదిలేమ్మా, ఓర్చుకో” అన్నాడాయన, కఠినంగా కాదు, నిజంగానే ఓర్చుకోగలననుకుని. ఆ పది నిమిషాల గురించి ఇంతకంటే రాయను. ఆ మధ్యాహ్నం ఇంటికి తిరిగి వెళ్లి ఉద్యోగానికి రాజీనామా రాసి, రాత్రికి చింపేశాను.

మరుసటి వారం నుంచి రెండు మార్పులు చేశాను. మొదటిది, వైద్యుడి సలహాతో మాత్రను ప్రయాణానికి బాగా ముందుకు జరపడం: తెల్లవారుజామున లేవగానే ఒక్కటి వేసుకుని, కాఫీని చిత్తూరు చేరాక తాగడం. రెండవది, వీలైన రోజున బస్సు మానేసి పాకాల మీదుగా కాట్పాడి వైపు వెళ్లే రైలు ఎక్కడం. రైలు సమయం మన చేతిలో లేదు, స్టేషను నుంచి మళ్లీ ఆటో ఎక్కాలి, అయినా పెట్టెకు ఒక చివర తలుపు మీద ‘మరుగుదొడ్డి’ అన్న మాట కనబడుతుంటే కడుపు దానంతటదే సగం సర్దుకుంటుంది. వెళ్లవలసిన అవసరం వచ్చిన రోజులు చాలా తక్కువ. వెళ్లగలనన్న తెలివిడి కోసమే టికెట్టు కొంటున్నాను. ఈ జబ్బులో మెదడూ పేగూ ఎంత దగ్గరి చుట్టాలో పుస్తకాల్లో చదివినదానికంటే పాకాల జంక్షన్‌లో బండి ఆగిన నిమిషాల్లో ఎక్కువ తెలుసుకున్నాను.

తిరుపతిలో ఉన్నందుకు కొండ ప్రయాణం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఊరి నుంచి ఎవరు వచ్చినా కొండకు తోడు వెళ్లక తప్పదు. ఎక్కే ఘాట్ రోడ్డు సుమారు 18 కిలోమీటర్లు, మధ్యలో ఎక్కడ పడితే అక్కడ బండి ఆపడానికి వీల్లేదు, మలుపులకు కడుపు తిప్పడం అదనం. లోపెరమైడ్ నాకు నూటికి నూరు శాతం పనికొచ్చిన చోటు ఇదే. బయలుదేరే సమయం తెలుసు, దారి ఎంతసేపో తెలుసు, పైన దిగగానే సౌకర్యం ఉంటుందని తెలుసు. అలాంటి లెక్క కుదిరిన ప్రయాణాలకు ఈ మాత్రకు సాటి లేదు. క్యూ కాంప్లెక్సు గురించి నేను భయపడినంత లేదు, కంపార్ట్‌మెంట్లకు మరుగుదొడ్లు ఉన్నాయి. అసలు ఇబ్బంది కంపార్ట్‌మెంటు తలుపు తెరిచాక, వరుస కదలడం మొదలుపెట్టాకనే. అక్కడ వెనక్కి దారి ఉండదు. 2019లో మా చిన్నవాడి పుట్టువెంట్రుకలకు వెళ్లినప్పుడు ఆ వరుసలో నిలబడి నేను గోవిందనామం చెప్పుకున్నది మోక్షం కోసం మాత్రం కాదు.

కొండ మీద గమనించిన ఇంకొక విషయం నా తిండిని మార్చింది. తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో రెండు పూటలు తిన్నా నా కడుపు నోరెత్తలేదు. అక్కడి వంటలో ఉల్లి, వెల్లుల్లి ఉండవు. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయంవారు పేగులో పులిసి వాయువు, నీరు పెంచే పదార్థాలను తగ్గించే ఆహార పద్ధతిని రూపొందించారు. అందులో మొదట పక్కన పెట్టవలసినవాటిలో ఈ రెండూ ముందుంటాయని ఆ తర్వాతే చదివాను. ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి నెల రోజులు మాని, ఒక్కొక్కటే తిరిగి పెట్టుకుంటూ చూశాను. ఉల్లి కొద్దిగా పరవాలేదు, వెల్లుల్లి అసలు పడదు. సంగటి, చెనిక్కాయల ఊరుబిండి (వేరుశనగ పచ్చడి) హాయిగా పడతాయి, ఊరుబిండిలో వెల్లుల్లి వేయకూడదంతే. ఎండాకాలంలో మామిడిపండు మాత్రం గట్టి దెబ్బ తీస్తుంది. చిత్తూరు జిల్లాలో పనిచేస్తూ మామిడి వద్దనడం ఎంత అవమానమో ఆ జిల్లావాళ్లకే తెలుస్తుంది. రుచి కోసం వేసే ఇంగువలో గోధుమపిండి కలిసి ఉండవచ్చు, డబ్బా వెనుక చూసి కొనాలి.

ఇక లోపాలు. ఈ మాత్ర విరేచనాన్ని ఆపుతుంది, నొప్పిని ఆపదు. బొడ్డు కింద మెలిపెట్టే నొప్పికి నాకు మెబెవెరిన్ వేరుగా రాశారు. రెండవ లోపం నా తొందరపాటు వల్ల తెలిసింది. ఒకసారి బెంగళూరు ప్రయాణానికి, దారిలోని మొగిలి ఘాట్ భయంతో, ఒకటి చాలునన్న చోట రెండు, దారిలో మరొకటి వేసుకున్నాను. వెళ్లడం రాజాలా వెళ్లాను. తర్వాత మూడు రోజులు కడుపు బండరాయి, నాలుగో రోజు అన్నీ కలిపి ఒకేసారి. అప్పటి నుంచి సగం మోతాదు కుదిరే రూపంలోనే కొంటున్నాను, గొట్టపు మాత్ర కాకుండా విరవడానికి వీలైన బిళ్ల.

మూడవది లోపం కాదు, హెచ్చరిక. వైద్యుడి పర్యవేక్షణ లేకుండా పెద్దలు రోజుకు 8 మిల్లీగ్రాములు దాటకూడదు. మోతాదు విపరీతంగా మించితే గుండె లయ తప్పే ప్రమాదం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో హెచ్చరించింది. తామరకు చర్మవైద్యులు రాసే ఇట్రాకొనజోల్ వంటి మందులు రక్తంలో దీని స్థాయిని పెంచుతాయి కాబట్టి, ఏ వైద్యుడి దగ్గరకు వెళ్లినా ఇది వాడుతున్నట్టు చెప్పాలి. రక్తం, జ్వరంతో కూడిన బేదులకు దీన్ని వేసుకోకూడదు.

గత రెండేళ్లుగా నా వాడకం బాగా తగ్గింది. వైద్యుడు రాత్రిపూట 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ మొదలుపెట్టారు. అది దిగులు మందు కదా అని నేను ఆరు నెలలు వాయిదా వేశాను, అది నా మూర్ఖత్వం. అంత తక్కువ మోతాదులో ఇచ్చేది పేగు నరాల కోసమని తర్వాత ఒప్పుకున్నాను. నోరు ఎండుతుంది, పొద్దున లేవడం కష్టం, కానీ నొప్పీ తొందరా రెండూ తగ్గాయి. 2023లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరిశోధన కూడా ఐబీఎస్‌లో ఈ తక్కువ మోతాదు పనిచేస్తుందని చూపించింది. ఇప్పుడు లోపెరమైడ్ నెలకు నాలుగైదుసార్లు మాత్రమే, అదీ బస్సు తప్పని రోజున, కొండకు వెళ్లే రోజున.

కొనేవారికి ఒక చిన్న మాట. చేతిసంచిలో నలిగి రేకు చిరిగితే మాత్ర తేమ పీల్చుకుంటుంది, మే నెల తిరుపతి ఎండలో గొట్టపు మాత్రలు ఒకదానికొకటి అతుక్కుపోవడం నేను చూశాను. అందుకని ఇంట్లో వేసుకునేవి కాక, దారిలో అవసరానికని ఒక చిన్న స్టీలు డబ్బాలో రేకుతో సహా నాలుగు బిళ్లలు, ఒక ఓఆర్‌ఎస్ పొట్లం, మడతపెట్టిన రెండు కాగితపు రుమాళ్లు పెట్టుకుంటాను. గడువు తేదీని డబ్బా మూత మీద చీటీ రాసి అతికిస్తాను. మొన్న ఉగాదికి చీటీ మార్చబోతే, కిందటి ఏడాది పెట్టిన నాలుగు బిళ్లల్లో మూడు అలాగే ఉన్నాయి.