సూపర్‌మ్యాన్ వేషానికి ఎవరు మేలు: క్రిస్టఫర్ రీవా, హెన్రీ కావిలా?

2025 జూలైలో కొత్త సూపర్‌మ్యాన్ వచ్చిన దగ్గర్నుంచి నన్ను అడిగేవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. కొత్తవాడి గురించి ఎవరూ అడగడం లేదు. "రీవ్ గొప్పా, కావిల్ గొప్పా?" అంటున్నారు. నలభై దాటినవాళ్లు నాచేత రీవ్ పేరు చెప్పించాలని, పాతికేళ్లవాళ్లు కావిల్ పేరు చెప్పించాలని. ఇంట్లో మా మేనల్లుడు కావిల్ పార్టీ. పదో తరగతి చదువుతున్నాడు, వాడి గదిలో గోడ మీద కావిల్ పోస్టర్ కూడా ఉంది. సెలవుల్లో వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని రీవ్ 1978 సినిమా, కావిల్ 2013 సినిమా ఒకదాని తర్వాత ఒకటి మళ్లీ చూశాను. అందరికీ ఒకేసారి చెప్పేస్తే పోతుందని ఇది రాస్తున్నాను. సూపర్‌మ్యాన్ పుట్టిన క్రిప్టాన్ గ్రహం, పెరిగిన కాన్సస్ పొలం, పనిచేసే డైలీ ప్లానెట్ పత్రిక ఇవన్నీ మీకు తెలిసినవే కాబట్టి కథ జోలికి వెళ్లను.

ముందు ఆకారం సంగతి తేల్చేద్దాం, దీన్లో పెద్ద వాదనేమీ లేదు. కావిలే. కామిక్ పుస్తకంలోంచి బొమ్మ లేచి వచ్చినట్టుంటాడు. ఆ దవడ, ఆ భుజాలు... ఊరికే నిలబడినా చాలు, డైలాగ్ అక్కర్లేదు. బడి రోజుల్లో లావుగా ఉన్నానని తోటివాళ్లు ఏడిపించేవారని అతనే చెప్పుకున్నాడు. అలాంటివాడు ఈ ఒళ్లు తెచ్చుకోవడానికి ఎంత చెమట కార్చి ఉంటాడో ఊహించుకోండి. రీవ్ ఆరడుగుల నాలుగంగుళాల మనిషే కానీ, వేషం దొరికేనాటికి బక్కపలచని నాటకాల కుర్రాడు. డ్రెస్ లోపల కండలున్నట్టు మెత్తలు పెడతామంటే వద్దన్నాడు. డేవిడ్ ప్రౌస్ దగ్గర బరువులెత్తి పది కిలోలకు పైగా పెరిగాడు. ప్రౌస్ అంటే 'స్టార్ వార్స్' విలన్ డార్త్ వేడర్ ముసుగులో నడిచిన మనిషే. అంత చేసినా ఈ కాలం పిల్లల కంటికి రీవ్‌ది మామూలు ఒళ్లే. సినిమాలో డ్రెస్ వేసుకుని కనపడగానే మావాడు "మావయ్యా, ఈయన జిమ్‌కి వెళ్లలేదా?" అన్నాడు.

వేషం దొరికిన తీరులో మాత్రం ఇద్దరికీ పోలిక ఉంది. ఇద్దరూ ముందు కాదనిపించుకున్నవాళ్లే. అప్పట్లో నిర్మాతలు పేరున్న స్టార్ల చుట్టూ తిరుగుతుంటే, నటుల్ని వెతికిపెట్టే లిన్ స్టాల్‌మాస్టర్ రీవ్ ఫొటోని మళ్లీ మళ్లీ కట్ట పైకి తెచ్చి పెట్టేవాడట, వాళ్లు తీసి పక్కన పడేసేవారట. చివరికి స్క్రీన్ టెస్ట్ చూశాక ఒప్పుకున్నారు. చేతిలో పెట్టింది రెండున్నర లక్షల డాలర్లు. అదే సినిమాలో కాసేపు కనిపించి వెళ్లిపోయే మార్లన్ బ్రాండోకి 37 లక్షల డాలర్లు, పైగా వసూళ్లలో వాటా. సినిమా పేరే సూపర్‌మ్యాన్, కానీ బ్రాండో, జీన్ హ్యాక్‌మన్ పేర్ల తర్వాతే సూపర్‌మ్యాన్ వేసినవాడి పేరు!

కావిల్ కూడా 2000ల మధ్యలో ఒక సూపర్‌మ్యాన్ సినిమాకి దాదాపు ఖాయమయ్యాక ఆ సినిమానే ఆగిపోయింది. జేమ్స్ బాండ్ వేషానికి చివరిదాకా వెళ్లి, మరీ చిన్నవాడివనిపించుకుని డేనియల్ క్రెయిగ్‌కి వదులుకున్నాడు. ఆ తర్వాత 2013 సినిమా డైరెక్టర్ జాక్ స్నైడర్ పిలిచాడు. స్క్రీన్ టెస్ట్‌కి కావిల్‌కి ఏ డ్రెస్ తొడిగారో తెలుసా? రీవ్ వేసుకున్నదానికి నకలు. ఎర్ర డ్రాయర్ పైన కనిపించే ఆ పాత మోడల్. దాన్లో ఎవరు నిలబడ్డా నవ్వొస్తుంది. కావిల్ వేసుకుని బయటికొస్తే ఎవరికీ నవ్వు రాలేదని, మనిషి దొరికాడని అప్పుడే అర్థమైందని స్నైడర్ తర్వాత చెప్పాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ వేషానికి పరీక్ష ఎగరడంలో లేదు, కొట్టడంలో లేదు. క్లార్క్ కెంట్ దగ్గర ఉంది, అంటే సూపర్‌మ్యాన్ తన గుట్టు దాచుకుని మామూలు రిపోర్టర్‌గా తిరిగే పేరు దగ్గర.

మనకి డబుల్ యాక్షన్ కొత్తేమీ కాదు. 1964లోనే 'రాముడు భీముడు'లో ఎన్టీఆర్ పిరికివాడుగానూ దూకుడువాడుగానూ చేసి చూపించారు. కాకపోతే అక్కడ వాళ్లు కవలలు, ఇద్దరు వేర్వేరు మనుషులు. క్లార్క్ లెక్క వేరు. ఇక్కడున్నది ఒక్క మనిషే, పగలంతా ఆఫీసులో నటిస్తుంటాడు. పక్క సీట్లో ఉన్న లోయిస్ లేన్ మామూలు మనిషి కాదు, కూపీ లాగడంలో పేరు మోసిన రిపోర్టర్. ఆమె కనిపెట్టలేకపోతోందంటే మనం నమ్మాలి. మధ్యలో అడ్డం ఏముంది? ఒక కళ్లజోడు. 1938లో కామిక్ మొదలైనప్పటి నుంచి జనం వేళాకోళం చేస్తున్నది దీన్నే. ఈ చిల్లుని డైరెక్టర్ పూడ్చలేడు, గ్రాఫిక్స్ పూడ్చలేవు. నటుడే పూడ్చాలి.

1978 సినిమాలో సూపర్‌మ్యాన్ లోయిస్‌ని ఆకాశంలో తిప్పి తీసుకొచ్చి, బాల్కనీలో దింపి వెళ్లిపోతాడు. ఆమె ఇంకా ఆ మైకంలో ఉండగానే తలుపు చప్పుడు. వచ్చింది క్లార్క్. ఆ రాత్రి ఇద్దరూ కలిసి బయటికి వెళ్లాలని ముందే అనుకున్నారు. ఆమె లోపలి గదిలోకి వెళ్తుంది. ఇతను ఒక్కడే మిగులుతాడు. కళ్లజోడు తీస్తాడు. అప్పటిదాకా ముందుకు ముడుచుకుని ఉన్న భుజాలు వెనక్కి వెళ్తాయి. వంగిన వెన్ను నిటారవుతుంది. నిలబడ్డ చోటే మనిషి రెండంగుళాలు పెరుగుతాడు. "లోయిస్" అని పిలిస్తే ఆ గొంతు కూడా క్లార్క్‌ది కాదు, నిండుగా కింది నుంచి వస్తుంది. నిజం చెప్పేయబోతున్నాడు. ఇంతలో ఆమె వస్తుంది. అంతే, ధైర్యం చాలదు. కళ్లజోడు మళ్లీ ముక్కు మీదికి, భుజాలు మళ్లీ ముందుకి, గొంతు మళ్లీ పైకి. మాట తడబడుతుంది. దీనికి కెమెరా ట్రిక్ లేదు, కొత్త మేకప్ లేదు. మనిషి ఒళ్లే పనిముట్టు.

మావాడు ఫోన్ పక్కన పెట్టేసి, "ఆగు మావయ్యా, వెనక్కి తిప్పు" అన్నాడు. మూడుసార్లు చూశాం. మూడోసారి సౌండ్ తీసేసి చూశాం. అలా చూసినా తెలిసిపోతుంది, ఏ క్షణంలో ఎవరో. ఒక మాట, దీన్ని డబ్బింగ్‌లో చూడకండి. గొంతు మారడం సగం పని, ఆ సగమూ పోతుంది.

క్లార్క్ తడబాటుకి తన నమూనా పాతకాలపు నటుడు క్యారీ గ్రాంట్ అని రీవ్ చెప్పేవాడు. పాపిడి కూడా గమనించండి, సూపర్‌మ్యాన్‌కి ఒక పక్క, క్లార్క్‌కి ఇంకో పక్క. మూడో సినిమా (1983) మొత్తంగా నీరసమే, మొహమాటం లేకుండా చెప్పాలంటే సగం కామెడీ కోసం పాడు చేశారు. కానీ అందులో కూడా తుక్కు సామాన్ల యార్డులో చెడిపోయిన సూపర్‌మ్యాన్‌తో క్లార్క్ కలబడే సీన్ ఒక్కటి చాలు. ఇద్దరూ రీవే. గడ్డం మాసిన దుర్మార్గుడు ఒకడు, కళ్లజోడు పెట్టుకున్న మంచివాడు ఒకడు. అక్కడ మాత్రం మన డబుల్ యాక్షన్ లెక్కలోకే వస్తుంది.

కావిల్ దగ్గరికొస్తే, ఈ పరీక్ష అతనికి ఎవరూ పెట్టలేదు. 2013 సినిమాలో క్లార్క్ గడ్డంతో ఊళ్లు పట్టుకు తిరుగుతుంటాడు, చేపల పడవలో పనిచేస్తాడు, బార్‌లో పనిచేస్తాడు. లోయిస్ అతని గుట్టు ముందే తెలుసుకుంటుంది. ఇక దాచడానికి ఏముంది? కళ్లజోడు పెట్టుకుని ఆఫీసులోకి అడుగుపెట్టేది సినిమా ఆఖరి సీన్‌లో. 2016 సినిమాలో రిపోర్టర్‌గా కాస్త కనిపిస్తాడు కానీ, అక్కడ కూడా కళ్లజోడు పెట్టుకున్న కావిలే తప్ప వేరే మనిషి కాదు. పార్టీలో బ్రూస్ వేన్‌ని (ముసుగు లేని బ్యాట్‌మ్యాన్) నిలదీసేటప్పుడు ఆ భుజాలు చూడండి, ఎక్కడా తగ్గవు. చేతకాక అంటే నేను ఒప్పుకోను. 2015లో గూఢచారి సినిమా 'ది మ్యాన్ ఫ్రమ్ అంకుల్'లో ఎంత తేలిగ్గా, ఎంత టైమింగ్‌తో నవ్వించాడో చూసినవాళ్లకి తెలుసు. రాసినవాళ్లు, తీసినవాళ్లు అడగలేదు. కానీ తెర మీద ఉన్నదానికే కదా మార్కులు వేసేది.

కావిల్‌కి దక్కాల్సింది దక్కాలి. మొదటిసారి ఎగిరే సీన్‌లో నేను కావిల్ పక్షమే. మంచులో ఎగరబోయి కొండకి గుద్దుకుని పడతాడు, లేచి మోకాలి మీద కూర్చుని పిడికిలి నేలకి ఆనిస్తాడు, చుట్టూ మంచు, గులకరాళ్లు వణుకుతాయి. పైకి లేచాక ఆ ముఖంలో నవ్వు చూడాలి, మొదటిసారి సైకిల్ వచ్చిన పిల్లాడి నవ్వు. విలన్ జోడ్‌ని చంపాల్సి వచ్చాక వేసే కేక కూడా తక్కువది కాదు. అసలు సూపర్‌మ్యాన్ చంపొచ్చా అనే గొడవ ఇప్పటికీ తెగలేదు, దాన్లోకి నేను దిగను.

రీవ్ ఎగిరిన రోజుల్లో కంప్యూటర్ సాయం లేదు. తీగలు కట్టి వేలాడదీసి, వెనక ఆకాశం బొమ్మ వేసి తీశారు. కొన్ని షాట్లు ఈనాటి కంటికి అతుకుల్లా కనిపిస్తాయి. అయితే రీవ్ నిజజీవితంలో పైలట్, గ్లైడర్లు కూడా నడిపేవాడు, చిన్న విమానంలో ఒంటరిగా అట్లాంటిక్ దాటినవాడు. అందుకేనేమో, తీగ మీద ఉన్నా మలుపు తిరిగేటప్పుడు ముందు కళ్లు తిరుగుతాయి, తర్వాత భుజం, ఆ తర్వాత ఒళ్లు. వేలాడుతున్నవాడిలా ఉండదు.

వేషం విడిచాక ఏమైందనేది కూడా అడుగుతుంటారు. రీవ్ మీద ముద్ర గట్టిగా పడింది. మన దగ్గర ఎన్టీఆర్ కృష్ణుడి బొమ్మ క్యాలెండర్లకెక్కినా, మరునాడు సాంఘిక సినిమా చేస్తే జనం చూశారు. (1980లో ఆయన తెలుగులో సూపర్‌మ్యాన్ కూడా అయ్యారు, శక్తులిచ్చింది ఆంజనేయస్వామి.) రీవ్‌కి ఆ వెసులుబాటు దొరకలేదు. మంచి సినిమాల్లో మంచి వేషాలే వేశాడు, అయినా జనానికి గుర్తున్నది ఎర్ర కేప్. 1987లో నాలుగో సినిమా అణ్వాయుధాలకి వ్యతిరేకంగా ఉండాలని కథలో తానే చెయ్యి వేశాడు. నిర్మాతలు బడ్జెట్‌కి కత్తెర వేశారు, న్యూయార్క్ వీధులని ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌ని చూపించారు, సినిమా బోల్తా పడింది. అదే ఏడాది చివర్లో చిలీలో 77 మంది నటీనటులకి చంపేస్తామని బెదిరింపులు వస్తే, నియంత పినోచెట్ పాలనలో ఉన్న రాజధాని శాంటియాగోకి వెళ్లి వాళ్ల సభలో నిలబడ్డాడు. బుల్లెట్ తగిలితే పోయే ఒళ్లే అతనిది.

1995 మే 27న వర్జీనియాలో గుర్రం మీంచి పడి మెడ దగ్గర వెన్ను విరిగింది. భుజాల కింద ఒళ్లు కదలలేదు, ఊపిరికి యంత్రం. అప్పటికి 42 ఏళ్లు. మరుసటి ఏడాది ఆస్కార్ వేదిక మీదికి చక్రాల కుర్చీలో వచ్చాడు, ఆ తర్వాత టీవీ సినిమాలకి దర్శకత్వం చేశాడు, వెన్నుపాము గాయాల పరిశోధనకి డబ్బు పోగు చేశాడు. 2004 అక్టోబర్ 10న, 52వ ఏట పోయాడు. ఈ బతుకు చూసి నటనకి అదనంగా మార్కులు వేస్తున్నానని మావాడి ఆరోపణ. కావచ్చు. కానీ ఆ బాల్కనీ సీన్ చూసి నేను రీవ్ పార్టీలో చేరింది ప్రమాదానికి చాలా ఏళ్ల ముందు, మా ఊళ్లో అద్దెకి తెచ్చిన వీడియో క్యాసెట్‌లో.

కావిల్‌ది వేరే రకం దురదృష్టం. 2017 సినిమా రీషూట్ల సమయానికి ఇంకో సినిమా కోసం మీసం పెంచి ఉన్నాడు, ఆ సినిమావాళ్లు తీయనివ్వలేదు. కంప్యూటర్‌లో చెరిపేశారు. ఆ పై పెదవి చూసి ప్రపంచమంతా నవ్వింది. 2022 అక్టోబర్‌లో మళ్లీ వస్తున్నానని ప్రకటించాడు, రెండు నెలలు తిరక్కుండానే లేదని చెప్పాల్సి వచ్చింది. అయినా అతని బండి ఆగలేదు. సూపర్‌మ్యాన్‌గా ఉండగానే టామ్ క్రూజ్‌తో ఢీకొట్టే విలన్ అయ్యాడు, 'ది విచర్'లో మూడు సీజన్లు చేశాడు. బతుకుతెరువు లెక్కలో చూస్తే ముద్ర పడకుండా తప్పించుకున్నవాడు కావిలే, దీన్లో రీవ్ కన్నా మెరుగు.

మిగతావాళ్లు: బ్రాండన్ రౌత్ (2006) బాగానే చేశాడు కానీ రీవ్‌కి జెరాక్స్ కాపీలా ఉండమన్నారు, ఉన్నాడు. టీవీలో డీన్ కెయిన్ సరదా, టామ్ వెల్లింగ్ పదేళ్లు చేసినా కేప్ దాకా సరిగ్గా రానేలేదు. 2025లో వచ్చిన కొత్తవాడు డేవిడ్ కొరెన్‌స్వెట్ రీవ్ చదివిన జూలియర్డ్‌లోనే నటన నేర్చుకున్నాడు, మనిషి బాగున్నాడు, ఒక్క సినిమాకి తీర్పు చెప్పను.

మొదటిసారి చూసేవాళ్లు 1978ది ముందు చూడండి, మొదటి గంట నెమ్మదిగా ఉన్నా ఓపిక పట్టండి. తర్వాత 2013ది. ఆ తర్వాత 2025ది చూసేటప్పుడు టీవీ వార్తలు వచ్చే చోట ఫోన్ చూడకండి. అక్కడ కొన్ని సెకన్లు కనిపించే రిపోర్టర్ పేరు విల్ రీవ్, క్రిస్టఫర్ రీవ్ చిన్నకొడుకు.